మేడ, పెరడు, ఇల్లు

ఊళ్ళో హోటళ్ళ దుప్పట్లూ ఆసుపత్రుల దుప్పట్లూ అన్నీ కలిసి స్నానానికొచ్చే చోటు ఆ లాండ్రీ. లోపల ఆవిరి ఎంతుంటుందంటే, ఒకసారి మొహం నిండా ముడతలతో లోపలికెళ్ళిన తనిఖీ ఆఫీసరు సాయంత్రానికి చక్కగా ఇస్త్రీ అయి బయటికొస్తే, ఇంటిదగ్గర వాళ్ళావిడ గుర్తుపట్టక తలుపేసుకుందట. నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి ఆయన్నే అడగొచ్చు. వేరే ఊరికి బదిలీ అయ్యాడు కానీ, ఇప్పటికీ పడుచుగానే ఉన్నాడని చెబుతారు.

ఆ ఆవిరిలోనే, వేడి రోలర్ల నోట్లోంచి బయటికొచ్చే బట్ట అంచు పట్టుకుని లాగి, మడతపెట్టి, పక్కన దొంతిగా పేర్చే పనిలో నెరిసిన జుట్టు మనిషి ఒకడున్నాడు. అందరూ అతన్ని దుప్పటి అని పిలుస్తారు. చేసే పనిని బట్టి ఆ పేరొచ్చిందని లాండ్రీలో వాళ్ళ నమ్మకం. నిజానికి పేరు ముందొచ్చింది, పని తర్వాతొచ్చింది. పేరుకి తగ్గ ఉద్యోగమే వెతుక్కుంటూ వచ్చి ఒళ్ళో పడినవాడు లోకంలో బహుశా ఇతనొక్కడే.

పేరు పెట్టింది అతని బావమరిది. వాళ్ళకో రాక్ బ్యాండు ఉంది. అందులో దుప్పటి గిటారు వాయిస్తాడు. ముందుకొచ్చి, జుట్టు ఎగరేసి, మెరుపులు మెరిపించే గిటారు కాదు. వెనక నిలబడి కార్డులు మోగించే గిటారు. నాలుగైదు తీగల్ని కలిపి నొక్కి ఒక్క దెబ్బకి మోగిస్తే వచ్చే నిండు మోతనే కార్డంటారు. "మేం ముగ్గురం ఎన్ని తప్పులు చేసినా మా బావ పైనుంచి నిండుగా కప్పేస్తాడు. కాళ్ళు కూడా బయటికి కనపడవు" అని బావమరిది ఒక పుట్టినరోజు పార్టీలో మైకు పట్టుకుని అన్నాడు. ఆ రోజు నుంచీ అతను దుప్పటే.

బావమరిదికి ఒక సెలూన్ ఉంది. బ్యాండులో పాడేది అతనే. డ్రమ్ములు వాయించేది ఒక బస్సు డ్రైవరు. రోడ్డు మీద వెయ్యని బ్రేకులన్నీ డ్రమ్ముల మీద వేస్తాడని అతనికి పేరు. బేస్ గిటారు పళ్ళ డాక్టరుది. మత్తు సూది లేకుండా మనిషిని మత్తులో ఉంచగల వాద్యం అదొక్కటేనని ఆయన వాదన. నలుగురూ ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళు.

ఆ బళ్ళో పియానో టీచరమ్మ ఒకావిడ ఉండేది. ప్రార్థనకి పియానో వాయిస్తూనే వెనక బెంచీలో ఎవడు ఎవణ్ణి గిల్లాడో చెప్పేది. వీపు మీద కూడా కళ్ళజోడు పెట్టుకుంటుందని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. సంగీతమంటే భయపడే పిల్లలకి ఆవిడ కార్డుల్ని ఒక ఇల్లుగా చెప్పింది. పాట ఎక్కడ కుదురుకుంటుందో ఆ కార్డు ఇల్లు. అక్కణ్ణుంచి ఐదో మెట్టు మీద ఉన్నది వీధి. నాలుగో మెట్టు మీద ఉన్నది పెరడు. ఎంత తిరిగినా చివరికి ఇంటికి చేరాలి. వీధివైపు నుంచి వస్తే బెల్లు కొట్టి, ఇంటిల్లిపాదికీ తెలిసేలా వచ్చినట్టు. పెరటివైపు నుంచి వస్తే చప్పుడు చెయ్యకుండా వచ్చి గోడకి చేరగిలబడినట్టు. ప్రార్థన ఆఖర్లో, రెండు చేతులూ మెల్లగా వాలుస్తూ ఆవిడ మోగించే రెండు మోతలు పెరడు, ఇల్లు.

పెద్దయ్యాక బ్యాండు పెట్టుకున్నప్పుడు ఆ మాటలు భలే పనికొచ్చాయి. కార్డులకి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. స్టేజి మీద ఆ హోరులో "బి" అని అరిస్తే ఒకడికి "డి" అని వినపడేది, ఇంకొకడికి "ఇ" అని. ముగ్గురూ మూడు దార్లు పట్టేవాళ్ళు. వీధి, పెరడు, ఇల్లు అని అరిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఎవరు అరిచినా సరే, ఏది వినపడితే అది వాయించెయ్యాలి, తగువు తర్వాత పెట్టుకోవాలి. అదీ వాళ్ళ రూలు.

ఇదంతా పడుచుతనపు ముచ్చట. ఇప్పుడు దుప్పటికి పొద్దున లేస్తూనే అలసటగా ఉంటుంది. రాత్రి పడుకున్న అలసట తనకంటే ముందే లేచి, మొహం కడుక్కుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నట్టుంటుంది. లాండ్రీలో నిలబడాలి. బట్ట వస్తుంది, లాగాలి. ఇంకో బట్ట వస్తుంది. ఎవరు కప్పుకున్నారో, ఎవరు ఏ జబ్బుతో మూలిగారో, ఎవరు కొత్తగా పెళ్ళయి నవ్వుకున్నారో, రోలర్లోంచి వచ్చేసరికి అన్నీ ఒకటే తెలుపు, ఒకటే వేడి. సాయంత్రం ఇంటికెళ్ళి తన పక్కమీద దుప్పటి చూస్తే అతనికి ఒళ్ళు మండుతుంది. చలికాలం కూడా కప్పుకోడు.

ఏళ్ళ తరబడి అలా లాగీ లాగీ ఎడమచేతి చూపుడువేలి కీలు వాచిపోయి గోళీకాయంత అయింది. ఆ వేలు పూర్తిగా వంగదు, పూర్తిగా చాచుకోదు. లాండ్రీలో మిగతా వేళ్ళతో లాక్కొస్తున్నాడు. చిక్కంతా గిటారు దగ్గరే.

బ్యాండుకి పేరు తెచ్చిన పాట ఒకటుంది. పడుచు రోజుల్లో బావమరిది రాసిందే. ఆఖరి బస్సు తప్పిపోయి ఇంటికి నడిచివెళ్ళేవాడి పాట. "ఆఖరి బస్సు పోతేపోనీ, రోడ్డు నాదే, జోడు నాదే" అని ఉంటుంది. ఆ పాటలో వీధి కార్డు వాయించాలంటే చూపుడువేలిని అన్ని తీగల మీదా అడ్డగడియలా వెయ్యాలి. వేరే పద్ధతి ఉంది కానీ దానికి నాలుగు వేళ్ళూ చురుగ్గా ఉండాలి. ఇల్లూ పెరడూ మాత్రం మిగిలిన మూడు వేళ్ళతో లాగించెయ్యొచ్చు.

మిగతా పాటల్లో ఎక్కడో ఒక తీగ వదిలేసి, ఎక్కడో డ్రమ్ముల చాటున దాక్కుని నెట్టుకొచ్చాడు. ఈ పాటలో కుదరదు. చివర బావమరిది వీధి మీద గొంతెత్తి, చెయ్యి పైకెత్తి, ఊపిరున్నంతసేపూ నిలబడతాడు. జనం చప్పట్లు కొట్టేది అక్కడే. ఆ చోట కార్డు లేకపోతే స్టేజి మీద బట్టల్లేకుండా నిలబెట్టినట్టే.

వాళ్ళు సాధన చేసేది సెలూన్ సెలవు రోజు మధ్యాహ్నం, సెలూన్లోనే. దాచుకోవలసింది ఉన్నవాడికి అంతకంటే పనికిమాలిన చోటు ఇంకోటి ఉండదు. ముందు అద్దం, వెనక అద్దం. మూడు వేళ్ళతో వాయిస్తుంటే పనిలేని చూపుడువేలు గాల్లోకి ఎత్తినట్టు నిలబడుతుంది. అద్దాల్లో అలాంటి వేళ్ళు వరసగా గోడ అవతలిదాకా కనపడతాయి.

"ఏంటి బావా, అస్తమానం నన్ను వేలెత్తి చూపిస్తున్నావ్? నేనేం చేశానని?" అన్నాడు బావమరిది ఆ మధ్యాహ్నం, పాట మధ్యలో ఆపి.

"పాడావుగా" అన్నాడు పళ్ళ డాక్టరు వెనకనుంచి.

"నువ్వు నోర్మూసుకో. జనం నోళ్ళు తెరిపించడమేగా నీ పని. కానివ్వండి, చివరి చరణం."

చివరి చరణం వచ్చింది. వీధి రావలసిన చోటు దగ్గరపడింది. దుప్పటి చూపుడువేలు తీగల మీదికి వాలనంది. చెయ్యి ఊరికే ఉండలేక, మూడు వేళ్ళకి అందే ఇంకో కార్డు పట్టుకుంది. టీచరమ్మ చెప్పిన ఏ మూలా లేని కార్డు అది, ఇంటి మీద పెరడు ఎంత ఎత్తులో ఉందో, పెరటి మీద అంత ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి పెరడు, పెరట్లోంచి ఇల్లు. పాట ఆగిపోయింది.

"అదేంటి?" అన్నాడు బావమరిది.

"ఏదేంటి?"

"ఇప్పుడు వాయించావే, అది. వీధి రావలసిన చోట ఇంకేదో వచ్చింది."

"మేడ" అన్నాడు దుప్పటి. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలీదు.

"మేడెక్కడిది? టీచరమ్మ ఇంటికి మేడ లేదే!"

"తర్వాత కట్టించుకున్నారేమో" అన్నాడు డ్రైవరు.

పళ్ళ డాక్టరు తన బేస్ గిటారు మీద ఆ మూడు మెట్లూ మెల్లగా దిగి చూసుకున్నాడు. ఇంకోసారి దిగాడు. "మెట్లు బయటివైపు పెట్టారన్నమాట" అన్నాడు. "మేడ దిగితే పెరడు. పెరట్లోంచి ఇల్లు. ఒరేయ్, ఇదేదో బానే ఉందిరా."

బానే ఉండటం కాదు, పాట మనిషే మారిపోయినట్టుంది. వీధి కార్డులో ఒక స్వరం ఉంటుంది. అది ఇంటి గడపకి వెంట్రుకవాసి దూరంలో ఆగి, ఎప్పుడు లోపలికి రానిస్తారా అని తలుపు గోకుతూ ఉంటుంది. అందుకే వీధి మోగగానే విన్నవాడి చెవి ఇంటి కోసం ఎదురుచూస్తుంది. ఇంటికి రాగానే తృప్తిగా చప్పట్లు కొడుతుంది. మేడలో ఆ గోకుడు లేదు. అక్కణ్ణుంచి పెరడు ఎంత దిగువో, పెరట్లోంచి ఇల్లు అంతే దిగువ. ఒకే ఎత్తున్న రెండు మెట్లు, ఒక బరువైన మనిషి, తొందరేం లేకుండా. బెల్లు కొట్టడు. ఎవరినీ తలుపు తియ్యమనడు. వచ్చాడు, అంతే. అలిసి ఉన్నాడు కానీ తల దించుకోలేదు. అవే డ్రమ్ములు, అవే తీగలు, ఆ ఒక్క దిగుడు మారేసరికి పెళ్ళివిందులో పాడే పాటలా ఉన్నది నిఖార్సయిన రాక్ అయిపోయింది.

"అసలు ఈ పాటకి ఇదే న్యాయం" అన్నాడు పళ్ళ డాక్టరు. "బస్సు తప్పిపోయినవాడు కాళ్ళీడ్చుకుంటూ కదా వస్తాడు? మన పాటలో వాడు బాజాభజంత్రీలతో దిగుతున్నాడు."

బావమరిది మొహం ఎర్రబడింది. "మరి నా గొంతు ఎక్కడ పెట్టుకోను? ఆ మెట్ల మీద నిలబడి పాడటానికి చోటేదీ? మాట పూర్తయ్యేలోపే కిందికి దిగిపోతున్నాం. బావా, పాట మర్చిపోతే మర్చిపోయానని చెప్పు, తప్పు లేదు. వయసు అందరికీ వస్తుంది. పన్నుల ఆఫీసులో ఒకావిడ ఉంది, వాళ్ళాయన మా సెలూన్‌కే వస్తాడు. గిటారు భలే వాయిస్తుందట. బస్సు డిపోలో మన ప్రోగ్రాం ఉందిగా, దానికి ఆవిణ్ణి పిలుస్తాను. ముందు వరసలో గిటారుతో కూర్చుంటుంది. నువ్వు వీధి వాయించావా సరేసరి. మళ్ళీ మేడెక్కావో, ఆవిణ్ణి స్టేజి ఎక్కిస్తాను. ఇంక ఎప్పటికీ ఆవిడే."

దుప్పటి వేలు చూపించి ఉంటే ఆ క్షణానే తేలిపోయేది. ఏ వైపు తేలిపోతుందో తెలుసు కాబట్టే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో మాత్రం జేబులో పెట్టుకోవడం ఎక్కువ కాలం సాగలేదు. అతని భార్య కూడా ఆ లాండ్రీలోనే, చిరిగిన దుప్పట్లకి అతుకులు వేసే గదిలో పనిచేస్తుంది. బట్టలో చిరుగు ఎక్కడుందో చూడకుండా తడిమి చెప్పగలదు. మొగుడు చొక్కా గుండీలు ఒంటిచేత్తో పెట్టుకోవడం ఒక పొద్దున గమనించింది.

"ఆ వేలు ఎప్పట్నుంచండీ?"

"ఏ వేలు?"

"కాలివేలు. కాలివేళ్ళతోనేగా మీరు గుండీలు పెట్టుకునేది."

చెయ్యి లాక్కుని చూసింది. లోపలికెళ్ళి గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, ఆ చేతిని అందులో పెట్టింది. "మా తమ్ముడికి చెప్పండి."

"చెబితే ఆ పన్నులావిడ వచ్చేస్తుంది."

"రానివ్వండి. మీకూ కాస్త విశ్రాంతి. వారమంతా రోలర్లకి అంటుకుపోయి, ఉన్న ఒక్క సెలవు రోజూ ఆ సెలూన్లో ఊగిపోవాలా?"

"వాయిస్తున్నంతసేపూ ఒళ్ళు నొప్పి తెలీదే" అన్నాడు దుప్పటి, నీళ్ళ వంక చూస్తూ. "వారం మొత్తంలో తెలీనిది అప్పుడే. అది కూడా పోతే..." మిగతాది చెప్పే ఓపిక లేక వదిలేశాడు.

ఆవిడ ఆ చేతిని నీళ్ళలోంచి తీసి తుడిచింది. "పోనీ నేను చెబుతాను."

"వద్దు. వాడితో ఒక్క మాట కూడా అననని మాటివ్వు."

ఆవిడ మాటిచ్చింది. ఇచ్చిన తీరు చూస్తే, ఎప్పుడో ఒకప్పుడు వడ్డీతో సహా వెనక్కి పుచ్చుకునేలా ఉంది.

ఆ ప్రోగ్రాం జరిగింది డ్రైవరు పనిచేసిన బస్సు డిపోలో. పాత డిపో మూసేసి ఊరి బయట కొత్తది కట్టారు. బస్సులన్నీ వెళ్ళిపోయాక, ఖాళీ అయిన షెడ్డులో డ్రైవర్లూ మెకానిక్కులూ కుటుంబాలతో ఒక మధ్యాహ్నం చేరారు. రేకుల కప్పు చిల్లుల్లోంచి ఎండ పుల్లల్లా దిగుతోంది. నేలంతా నల్లటి నూనె మరకలు. బస్సుల కింద దూరి బాగుచేసే గోతుల మీద చెక్కలు పరిచి స్టేజి చేశారు. షెడ్డు ఎంత పెద్దదంటే, మైకులో దగ్గితే అవతలి గోడ తీరిగ్గా ఆలోచించుకుని తిరిగి దగ్గేది.

పన్నుల ఆఫీసావిడ ముందు వరసలో, మోకాళ్ళ మధ్య గిటారు పెట్టె పెట్టుకుని కూర్చుంది. మంచి మొహం. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని దుప్పటి ప్రయత్నించాడు కానీ కుదర్లేదు. పైగా దగ్గరికొచ్చి, "నన్నెందుకు రమ్మన్నారో మీకేమైనా తెలుసాండీ? రిహార్సల్‌కి కూడా పిలవలేదు" అని అడిగింది. "కూర్చోండమ్మా, తెలుస్తుంది" అన్నాడు. ఆవిడ పక్కనే దుప్పటి భార్య, చేతులు కట్టుకుని, తమ్ముడి మొహమే చూస్తోంది.

మొదటి పాటలు ఎలాగో గడిచాయి. ఆఖర్న ఆ పాట మొదలైంది. చరణాలు అయిపోయాయి. బావమరిది మైకు పట్టుకుని ముందుకు నడిచాడు, చెయ్యి పైకెత్తాడు, "వీధి!" అని అరిచాడు.

దుప్పటి ముందు వరసలో గిటారు పెట్టె వైపు ఒకసారి చూశాడు. కళ్ళు మూసుకుని, చూపుడువేలిని కుడిచేత్తో చాచి మరీ తీగల మీద అదిమాడు. నొప్పి మోచేతి దాకా పాకింది. మోగవలసిన కార్డు మోగలేదు. చెక్కపెట్టె మీద కొట్టినట్టు టప్పుమంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టప్పు. బావమరిది గొంతు పైన ఎక్కడో గాల్లో ఒంటరిగా నిలబడి ఉంది. కింద బేస్ గిటారు ఒక్కటే దిక్కులు చూస్తోంది. దుప్పటి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అతని భార్య లేచి నిలబడింది. తమ్ముడితో ఒక్క మాటా అననని కదా మాటిచ్చింది, మొగుడితో అననని ఇవ్వలేదు. కుట్టుమిషన్ల మోతలో గది ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా అరిచి అరిచి అలవాటైన గొంతు అది.

"చాలండీ! ఇంటికొచ్చెయ్యండి ఇంక! ఇంటికి!"

ఆవిడ ఉద్దేశం చెయ్యి వదిలేసి, గిటారు పక్కన పెట్టి, బస్సెక్కి ఇంటికి రమ్మని. స్టేజి మీదున్నవాళ్ళకి వినపడింది ఇల్లు. ఎవరు అరిచినా సరే, వినపడింది వాయించెయ్యాలి. పళ్ళ డాక్టరు ఇంటికొచ్చేశాడు. డ్రైవరు ఒక్క బ్రేకుతో ఇంటికొచ్చేశాడు. దుప్పటి మూడు వేళ్ళు వాటంతట అవే ఇంటి కార్డు మీద వాలాయి. బావమరిది ఒక్కడే వీధిలో చెయ్యెత్తి నిలబడ్డాడు. నిద్రమత్తులో బస్సు దిగి చూసుకుంటే అది వేరే ఊరైనట్టుంది అతని మొహం.

పాట అలా తెగిపోవడానికి వీల్లేదు. దుప్పటి స్టేజి మీద ఎన్నడూ అరవనివాడు అరిచాడు.

"మేడ!"

పళ్ళ డాక్టరు మేడెక్కాడు. ఇద్దరూ పెరట్లోకి దిగారు, ఇంటికొచ్చారు, మళ్ళీ మేడెక్కారు. తలుపు మూసే కార్డు అందులో లేదు కాబట్టి ఎన్నిసార్లయినా తిరగొచ్చు. డ్రైవరు వేగం తగ్గించాడు. ఒక్కొక్క దెబ్బ ఒక్కొక్క అడుగులా పడుతోంది. షెడ్డు కప్పు రేకులు దానికి తగ్గట్టు కంపించాయి.

బావమరిది ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. గొంతు పెట్టుకోవడానికి పైన చోటు లేదు. దాన్ని కూడా కిందికి దించి, దాదాపు మాట్లాడుతున్నట్టు అన్నాడు. "ఆఖరి బస్సు పోతేపోనీ..."

కుర్చీల్లోంచి జవాబొచ్చింది. "రోడ్డు నాదే, జోడు నాదే."

జనాన్ని ఉత్సాహపరచడానికి చేతులూపే పని లేకపోయింది. ఆఖరి బస్సు నడిపి, డిపోలో పెట్టి, తాళాలు అప్పగించినవాడికి ఇంటికెళ్ళడానికి ఇంకో బస్సుండదు. అక్కడున్న ప్రతి డ్రైవరూ ఆ నడక నడిచినవాడే. ఇన్నాళ్ళూ ఈ పాట వింటే వాళ్ళు చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఈసారి చప్పట్లు లేవు. నూనె మరకల నేల మీద బూట్లతో తాళం వేస్తూ, ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా, డ్యూటీ దిగిన గొంతులతో పాడారు. దుప్పటికి వేలు నొప్పి తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి మేడ దిగుతూనే ఉంది.

ఎలా ఆపాలో ఎవరికీ తెలియలేదు. ఇంజను ఆపేసిన బస్సు పల్లంలో కొంత దూరం దొర్లి ఆగినట్టు, పాట దానంతటదే ఆగింది.

షెడ్డు వెనక పాత టైర్ల గుట్ట దగ్గర బావమరిది దుప్పటిని పట్టుకున్నాడు.

"మా అక్కా నువ్వూ కలిసి ఆడిన నాటకమా ఇది?"

"నాటకం మొహం నీదీనూ" అని అతని అక్క వచ్చి, మొగుడి చెయ్యి లాగి తమ్ముడి మొహం ముందు పెట్టింది. "ముందు ఇది చూడరా."

బావమరిది చూశాడు. రోజూ మనుషుల తలలు పట్టుకుని తిప్పే చేతులు అతనివి. ఆ కీలుని తాకగానే ఎంతకాలం నాటిదో తెలిసిపోయింది.

"ఎందుకు చెప్పలేదు బావా?"

"చెబితే తీసేస్తావని."

బావమరిది టైర్ల మీద కూలబడ్డాడు. అబద్ధం చెబుదామా అని కాసేపు చూశాడు, కుదర్లేదు. "తీసేసేవాణ్ణే" అన్నాడు.

పళ్ళ డాక్టరు వంగి వేలు పరీక్షగా చూసి, "నా శాఖ కాదు. పీకమంటే మాత్రం పీకుతాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా పట్టించుకోలేదు.

"సరే విను" అన్నాడు బావమరిది. "ఈ పాట నీది. ఇంక ఎప్పుడు పాడినా మేడ మీంచే. మిగతావాటిలో నీ మేడకి ఏవి ఎక్కుతాయో చూద్దాం. సగం ఎక్కుతాయేమో. ఎక్కనివాటికి ఆవిడ వాయిస్తుంది. వీధి లేకుండా నేను బతకలేను బావా, నాకూ ఒక గొంతుంది."

సగం అన్న మాట దుప్పటి లోపల ఎక్కడో దిగి అక్కడే ఉండిపోయింది. ఇంకొన్ని పాటలు అడగొచ్చు. అడిగితే ఇస్తాడు కూడా, ఈ కాసేపు మెత్తగా ఉన్నాడు. బేరమాడే ఓపిక లేదు. రేపు పొద్దున లాండ్రీ ఉంది.

"ఆవిడ వాయిస్తున్నప్పుడు నేనెక్కడుండాలి?"

"ఎక్కడంటే? కూర్చో."

"స్టేజి మీదా, కిందా?"

బావమరిది గుమ్మం వైపు చూశాడు. లోపల షెడ్డులో ఎవరో కుర్చీలు మడతపెడుతున్న చప్పుడు. పన్నుల ఆఫీసావిడ గిటారు పెట్టెతో గుమ్మం దగ్గర నిలబడి, రావచ్చో రాకూడదో తెలీక చూస్తోంది.

"మీదే" అన్నాడు చివరికి. "డ్రమ్ముల పక్కన కుర్చీ వేయిస్తాను."

దుప్పటి ఆ చెయ్యి చంకలో పెట్టుకుని, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"చేతులున్న కుర్చీ" అన్నాడు.